తండ్రి లేక భర్త పేరు

కైలాసం సారు ఓటర్ల పేర్లు రాసుకోవడానికి మా ఇంటికి వచ్చిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. 1961, ఏప్రిల్ చివర. ఆయన మా ఊరి సర్కారు బడిలో హెడ్మాస్టరు. ఎండాకాలం సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి, ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవాళ్ళ పేర్లు రాసే పని ఆయన నెత్తిన పడింది. అట్టకు బిగించిన కాగితాలు చంకలో పెట్టుకుని, తలకు తడి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. అవ్వ మంచం వాల్చి చెంబుతో నీళ్ళిచ్చింది. మా మిషన్ వాడలో నీళ్ళు పుచ్చుకునే సార్లు ఆ రోజుల్లో తక్కువ. ఆయన చెంబెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, కాగితం తీశాడు.

"పేరు చెప్పు బక్కయ్యా. తెల్సినా అడగాల్నట, అడుగుతున్న."

"బక్కయ్య. తండ్రి మల్లయ్య. అరవైకి దగ్గర రాసుకోండ్రి సార్," అన్నాడు బాపు, లేచి నిలబడి. కూర్చుని చెప్పే మాట కాదన్నట్టు.

తర్వాత అవ్వ పేరు, భర్త బక్కయ్య. తర్వాత నాది. సంతోషమ్మ, తండ్రి బక్కయ్య, ఇరవై రెండేళ్ళు. మిషన్ బడిలో చిన్న పిల్లలకు చదువు చెబుతున్నాను. ఓటర్ల జాబితాలో నా పేరెక్కడం అదే మొదలు.

"పెద్ద బిడ్డ?"

"సాయవ్వ," అంది అవ్వ. "భర్త యేసుదాసు. ఇరవై తొమ్మిది."

సారు పెన్సిలు ఆగింది. "యేసుదాసు ఈడ లేడు గద."

"బాయి పనికి పోయిండు సార్. వస్తడు," అంది అవ్వ, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా.

ఆ జవాబు మా ఇంట్లో నాలుగేళ్ళుగా అందరికీ నోటికొచ్చి ఉంది. యేసుదాసు మా ఊరివాడే, మా చర్చివాడే. పెళ్ళయిన రెండేళ్ళకు గోదావరి అవతల బొగ్గుబాయిలో పని దొరికి పోయాడు. క్వార్టరు దొరకగానే తీసుకుపోతానని అక్కను మా ఇంట్లో దింపి పోయాడు. రెండు క్రిస్మసులకు వచ్చాడు. తర్వాత రాలేదు. ఇవతల ఒడ్డున కొత్త బాయిలు తీశాక అక్కడికి మారాడని, ఎవరో ఆమెను తెచ్చుకున్నాడని, బాయి నుంచి వచ్చిపోయేవాళ్ళు చెప్పేవాళ్ళు. మేము వినేవాళ్ళం. ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు. నన్ను చూడడానికి వచ్చిన ఒకటి రెండు సంబంధాలవాళ్ళు "పెద్దపిల్ల ఎందుకు ఈడనే ఉన్నది?" అని అడిగి పోయారు. మళ్ళీ రాలేదు.

అక్క ఆ సమయంలో వాకిట్లో పిడకలు తిరగేస్తోంది. తన పేరు రాసుకుంటున్నారని తెలిసినా వెనక్కి తిరగలేదు.

జూన్ నెలలో జాబితా వచ్చి చావడి గోడకు అంటించారు. చదివి చెప్పమని బాపు నన్ను వెంటబెట్టుకుని పోయాడు. ఆయనకు అక్షరం రాదు, కానీ ఆ కాగితమంటే ఒక రకమైన మురిపెం. యాభై రెండులో మొదటిసారి ఓటు వేసినప్పుడు ఎవరో చదివి వినిపించారట, దొర పేరున్న కాగితం మీదే తన పేరూ ఉందని. ఆ సంగతి ఆయన చాలాసార్లు చెప్పేవాడు. ఎట్లా వేశాడు, ఎవరికి వేశాడు అనేది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నేను వేలు పెట్టి చదివాను. బక్కయ్య ఉంది. అవ్వ పేరుంది. నా పేరుంది. నా తర్వాత పక్కింటివాళ్ళు మొదలయ్యారు.

"అక్కది?"

మళ్ళీ పైనుంచి చదివాను. లేదు.

కైలాసం సారు బడిలోనే దొరికాడు. మమ్మల్ని చూడగానే ఎందుకొచ్చామో అర్థమైనట్టు, బల్ల సొరుగులోంచి ఒక చీటీ తీశాడు. "నేను రాసిచ్చిన బక్కయ్యా. పైనుంచి కొట్టేసిండ్రు. ఇగో, కచేరి నుంచి వచ్చింది." చీటీ నాకిచ్చాడు.

యేసుదాసు, అతని భార్య సాయవ్వ కంపెనీ క్వార్టర్లలో నివాసం ఉంటున్నారని, ఇద్దరి పేర్లూ అక్కడ నమోదైనందున ఇక్కడ తొలగించవలెనని దాని మీద ఉంది.

"ఇద్దరి పేర్లా?" అన్నాను.

"ఇద్దరివి." సారు గొంతు తగ్గించాడు. "నేను కచేరికి పోయినప్పుడు ఆడి జాబితా చూసిన బిడ్డా. సాయవ్వ, భర్త యేసుదాసు, వయసు ఇరవై నాలుగు అని ఉన్నది. క్వార్టరు నంబరు గూడ ఉన్నది."

బాపు బడి మెట్ల మీద కూర్చున్నాడు. తర్వాత, "ఇప్పుడేం జెయ్యాలె సార్?" అన్నాడు.

"మూడు వారాలల్ల దరఖాస్తు పెట్టాలె. తాలూకా కచేరిల."

ఇంటికొచ్చి నేనే చెప్పాను. అక్క చేటలో బియ్యం ఏరుతోంది. ఏరుతూనే విన్నది.

"దాని పేరు నా బిడ్డ పేరెట్లయితది?" అంది అవ్వ. "యాడిదో తెచ్చి ఇంట్ల పెట్టుకున్నడు, సరే. పేరు గూడ గుంజుకున్నరా?"

అక్క ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "ఇరవై నాలుగా?" అంది.

తాలూకా ఊరు మాకు ఏడు మైళ్ళు. పొద్దుకొకసారి బస్సుండేది, వాన పడితే అదీ ఉండేది కాదు. మొదటిసారి బాపు, అక్క, నేను కలిసి పోయాం. వాళ్ళ తరఫున చదవడానికి, రాయడానికి నేను. ఓటర్ల పని చూసే గుమాస్తా పేరు సాంబయ్య. చెడ్డవాడేం కాదు. బల్ల మీద కాగితాల కట్టలు మెడదాకా ఉండి, వాటి వెనక నుంచి మాట్లాడేవాడు. పొద్దటి నుంచి నిలబడితే మధ్యాహ్నానికి మా వంతు వచ్చింది.

"పెండ్లయిన ఆడమనిషి భర్త ఉన్న కాడ ఉన్నట్టు," అన్నాడు నా దరఖాస్తు చదివి. "ఆడ పేరున్నది. రెండు జాగలల్ల ఉండరాదు, రూలు ఒప్పుకోదు."

"నేను ఆడ లేను సార్," అంది అక్క. "ఈడనే ఉన్న. మీ ముందట."

"ముందట ఉన్నది నువ్వే సాయవ్వవని రుజువేంది?"

అక్క బాపు వైపు చూసింది. "నేను ఆమె తండ్రిని సార్," అన్నాడు బాపు.

"నువ్వు తండ్రివని రుజువేంది?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగాడు. బాపు చేతులు కట్టుకుని ఆలోచించాడు. అరవై ఏళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు.

ఊరి పట్వారి దగ్గర, సర్పంచి దగ్గర కాగితాలు తెమ్మన్నాడు సాంబయ్య. చుట్టాలు కాని ఇద్దరు సంతకం వచ్చినవాళ్ళ సాక్ష్యం కావాలన్నాడు. పట్వారిని పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. సర్పంచి ఊళ్ళో లేడన్నారు, ఉన్నాడన్నారు, పడుకున్నాడన్నారు. కైలాసం సారు ఒక సాక్షి సంతకం పెట్టాడు, ఇంకోటి పోస్టు పంచే కొమురెల్లి. రెండోసారి ఆ కాగితాలన్నీ పట్టుకుని పోతే, తాసీల్దారు క్యాంపు పోయాడన్నారు. మూడోసారి పోతే, విచారణకు తారీఖు వేసి నోటీసు పంపుతామన్నారు.

అప్పటికి వానలు పడ్డాయి. నాట్ల కాలం. అక్క ఊళ్ళో అందరికంటే వేగంగా నాటు వేసేది. ఆమె ఉంటే మిగతావాళ్ళు ఆమె వరసను చూసి కదిలేవాళ్ళు. అట్లాంటి మనిషి నాట్లు వదులుకుని కచేరి అరుగు మీద కూర్చునేది. మూడోసారి తిరిగి వస్తున్నప్పుడు బస్సు లేదు. ఏడు మైళ్ళూ బురదలో నడిచాం. బాపు గొంగడి కప్పుకుని ముందు నడుస్తూ మాటిమాటికీ ఆగి దగ్గేవాడు. ఊరి చెరువు కట్ట దగ్గరికి వచ్చాక అక్క నిలబడిపోయింది.

"బాపూ, ఇడిసిపెడుదాం. ఓటు లేకుంటె సస్తమా?"

బాపు ఆగాడు. గొంగడి విప్పి నీళ్ళు పిండాడు. "ఊరోళ్ళ పేర్లన్ని ఉండి నీ పేరు లేకుంటె, నువ్వు యాడ ఉన్నట్టు బిడ్డా?" అన్నాడు. "ఆడ లేవు. ఈడ గూడ లేవంటుండ్రు."

అక్క ముందుకు నడిచింది.

అవ్వ ఆలోచన వేరు. ఆమెకు ఓటు సంగతి పట్టలేదు. నోటీసు వచ్చిందని, ఆ రెండో ఆమెకు కూడా అదే రోజు రమ్మని నోటీసు పోయిందని తెలిసిన నాటి నుంచి ఆమెలో ఒక ఊపు వచ్చింది. చర్చికి పోయి పాస్టరుగారిని కలిసింది. పెళ్ళిళ్ళ రిజిస్టరు పట్టుకుని కచేరికి రమ్మని బతిమాలింది.

"గా బుక్కుల మీ ఇద్దరి సంతకాలు, ఏలిముద్రలు ఉన్నయి," అంది అక్కతో, పొయ్యి ముందు కూర్చుని. "తాసీల్దారు చూస్తె అయిపాయె. అదెవతో బయటపడ్తది. కంపెనోళ్ళు క్వార్టర్ల నుంచి ఎల్లగొడ్తరు. ఇల్లు నీది, మొగడు నీ మొగడు. ఇన్నేండ్లు ఓపిక పట్టినవు, ఇంకో పదిరోజులు పట్టు."

అక్క పొయ్యిలో కట్టె ఎగదోసింది. "గామె యాడికి పోతది?" అంది.

"యాడనుంచి వచ్చిందో గాడికే పోతది. నీకెందుకు ఫికరు?"

విచారణ ఆగస్టు నెలలో. ఆ రోజు వాన లేదు కానీ మబ్బు కమ్ముకుని ఉక్కపోసింది. నలుగురం బస్సులో పోయాం. పాస్టరుగారు సైకిలు మీద మాకంటే ముందే వచ్చి ఉన్నారు. రిజిస్టరును మైనపు గుడ్డలో చుట్టి, తాడుతో కట్టి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. అక్క పెళ్ళి జరిపించింది ఆయనే.

అరుగు రెండో చివర ఒక ఆమె స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఏడాదిన్నర పిల్ల. మళ్ళీ కడుపుతో ఉంది. చామనఛాయ, చిన్న ముఖం. ఆమెతో ఎవరూ రాలేదు. మాలో ఎవరమూ ఆమెను ఎరగం, ఆమె మమ్మల్ని ఎరగదు. అందుకే ఎవరూ ఎవరినీ పట్టించుకోలేదు.

జవాను తలుపు దగ్గరికి వచ్చి, "సాయవ్వ!" అని పిలిచాడు.

మా అక్క లేచింది. అటు చివర ఆమె కూడా లేచింది.

పిల్లను చంకనెత్తుకుని రెండడుగులు వేసింది. అప్పుడు అక్కను చూసింది. ఆగిపోయింది. ముందుకు రావాలో, కూర్చోవాలో తెలియక అట్లాగే నిలబడింది. అక్క ఆమెను తేరిపార చూసింది. అవ్వ నా చేయి గట్టిగా పట్టుకుంది.

"ఇద్దర్నీ రమ్మంటుండ్రు," అన్నాడు జవాను.

లోపల తాసీల్దారు, సాంబయ్య ఉన్నారు. తాసీల్దారు కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. ఆ రోజు పొద్దటి నుంచి ఎన్ని దరఖాస్తులు విన్నాడో, కళ్ళద్దాలు తీసి ముక్కు నొక్కుకుంటున్నాడు. సాంబయ్య మా కాగితాలన్నీ ఒకటొకటిగా చదివాడు. ఆయన విన్నాడో లేదో తెలియలేదు.

"మీలో సాయవ్వ ఎవరు?"

"నేను సార్," అంది అక్క.

రెండో ఆమె పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. ఆమె చేతిలో నలిగిన కాగితం ఒకటుంది. తాసీల్దారు చేయి చాపితే ఇచ్చింది. కంపెనీ దవాఖాన చీటీ అది. "సాయవ్వ, భార్య, యేసుదాసు," అని చదివాడాయన. "కాన్పు కోసమా?"

ఆమె తలూపింది. పిల్ల ఆ చీటీ కోసం చేయి చాచి గునిసింది. ఆమె పిల్ల చేయి పట్టుకుని ఆపింది.

"మరి రుజువులు?" తాసీల్దారు మా వైపు తిరిగాడు.

పాస్టరుగారు ముందుకు వచ్చి తాడు ముడి విప్పడం మొదలుపెట్టారు. ముడి తడిసి బిగుసుకుని ఉంది. గోటితో లాగుతున్నారు. "పెళ్ళిళ్ళ రిజిస్టరండి. యాభై మూడో సంవత్సరంలో..."

"ఆగుండ్రి అయ్యగారు," అంది అక్క.

ఆమె చేయి ఆ కట్ట మీద ఉంది. ఎప్పుడు పెట్టిందో నేను చూడలేదు. పాస్టరుగారు తలెత్తి ఆమెను చూశారు.

"సార్," అంది అక్క తాసీల్దారుతో. "నా పేరు సాయవ్వ. మా బాపు పేరు బక్కయ్య. బాపు పేరు మీద రాసుకోండ్రి."

"పోయిన జాబితాల భర్త యేసుదాసు అని ఉన్నది సార్," అన్నాడు సాంబయ్య.

"పోయిన జాబితాల ఉండె," అంది అక్క.

"ఇప్పుడు?" అన్నాడు తాసీల్దారు. "యేసుదాసు నీకేమవుతాడు?"

గదిలో ఫ్యాను లేదు. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. బాపు నేల చూస్తున్నాడు.

"మా ఊరాయిన సార్," అంది అక్క.

తాసీల్దారు అక్కను చూశాడు. చంకలో పిల్లతో నిలబడ్డ ఆమెను చూశాడు. తర్వాత పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు తల వంచుకుని, సగం విప్పిన తాడును మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు.

"సాంబయ్యా, ఆ గడి మీద ఏముంది? చదువు."

"తండ్రి లేక భర్త పేరు, సార్."

"లేక అని ఉందా?"

"ఉన్నది సార్. కని పెండ్లయినోళ్ళకు..."

"లేక అని ఉంది కదా. సాయవ్వ, తండ్రి బక్కయ్య. ఇక్కడ రాయి. అక్కడిది అక్కడే ఉండనీ. మనుషులు ఇద్దరున్నారు, పేర్లూ రెండున్నాయి. ఇందులో తేడా ఎక్కడుంది?" ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, తర్వాతి కట్ట అందుకున్నాడు.

సాంబయ్య సిరా ప్యాడు జరిపాడు. అక్క వేలిముద్ర వేసి, కొంగుకు తుడుచుకోకుండా వేలు దూరంగా పట్టుకుని బయటికి వచ్చింది.

అవ్వ బస్సుల అడ్డా వైపు నడిచింది. బాపు ఆమె వెనక పోయాడు. అక్క వేలు కడుక్కోవడానికి కచేరి వెనక బోరింగు దగ్గరికి పోతే నేను నీళ్ళు కొట్టాను. నీళ్ళ కింద ఆమె బొటనవేలును రుద్దుతూనే ఉంది. సిరా పోలేదు.

ఆ రెండో ఆమె మా వెనకే వచ్చింది.

"అక్కా," అంది.

అక్క తిరిగి చూసింది. "పిల్లకు దూపయితున్నట్టున్నది, పట్టు," అంది. దోసిట్లో నీళ్ళు పట్టి పిల్ల నోటికి అందించింది. పిల్ల తాగి, మిగిలింది మీద పోసుకుంది.

"నీ పేరేంది?" అని అడిగింది అక్క.

ఆమె వెంటనే చెప్పలేకపోయింది. "దుర్గవ్వ," అంది చివరికి. "మా అవ్వగారింటి కాడ దుర్గవ్వ. బాయి కాడ ఎవలికి తెల్వది. ఆయినె కంపెనీల ముందుగాల్నే నీ పేరు రాయించిండట. మారుస్తె క్వార్టరు పోతదన్నడు. గట్లనే పలుకుమన్నడు. నాలుగేండ్లాయె. పిలిస్తె పలుకుడు అలవాటయింది."

అక్క విన్నది.

"నువ్వు సచ్చిపోయినవని చెప్పిండు అక్కా," అంది దుర్గవ్వ. "సచ్చిపోయినామె పేరే గదా, ఏమైతదిలే అనుకున్న. గీ నోటీసు వచ్చినంక గట్టిగ అడిగితె అప్పుడు చెప్పిండు. ఇయ్యాల నువ్వు లేసి నిలబడితివి."

"సావలే," అంది అక్క మెల్లగా. "నాట్లేస్తున్న."

దుర్గవ్వ ఏడవడం మొదలుపెట్టింది. అక్క ఆమెను ఊరుకోబెట్టలేదు, పొమ్మనీ అనలేదు. పిల్ల ముఖం కొంగుతో తుడిచి, "ఎన్నో నెల?" అని అడిగింది. "ఏడు," అంది దుర్గవ్వ. "నీళ్ళు మోయకు," అంది అక్క.

బస్సులో అవ్వ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇల్లు చేరాక కూడా అక్కతో మాట్లాడలేదు. వారం కాదు, నెల గడిచినా మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే నాతో చెప్పేది. "మీ అక్కను తినుమను." "మీ అక్కకు చెప్పు, మేకలు రాలే." చర్చిలో కూడా వేరే వరసలో కూర్చునేది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆరా తీస్తే, "గామెనే అడుగుండ్రి, చదువుకున్నదానికంటె ఎక్కువ తెలివిగలది," అనేది. బాపు ఇద్దరి మధ్యా దగ్గుతూ తిరిగేవాడు. దరఖాస్తు రాసింది నేనే కాబట్టి, నేనూ ఇందులో భాగస్థురాలినేనని అవ్వకు నామీద కూడా కోపం ఉండేది.

అవ్వ బాధ నాకు తర్వాత్తర్వాత అర్థమైంది. బిడ్డ కాపురం నిలబడుతుందని ఆరేళ్ళు రోజూ ఎదురుచూసింది ఆమె. అక్క ఎదురుచూడడం ఎప్పుడో మానేసి ఉంటుంది. ఆ సంగతి అవ్వకు చెప్పడానికి ఆమెకు మొఖం చెల్లలేదు. కచేరిలో అందరి ముందు చెప్పవలసి వచ్చింది.

అక్టోబరులో యేసుదాసు వచ్చాడు. ఆదివారం పొద్దున, చర్చి విడిచాక. మనిషి లావెక్కాడు. చేతికి గడియారం. వాకిట్లో నిలబడి దగ్గాడు. అవ్వ ఒక్క పరుగున లోపలికి పోయి మంచం తెచ్చి వాల్చింది, నీళ్ళిచ్చింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను చూసి చాలా రోజులైంది. వచ్చేశాడు, అనుకుంది ఆమె.

అక్క గాబు దగ్గర గిన్నెలు తోముతోంది. లేవలేదు.

"కచేరిల నన్ను ఊరాయిన అన్నవట," అన్నాడు యేసుదాసు.

"అన్న."

"మంది ముందట గట్ల అంటరా? నేను నీకు గంతేనా?"

"నేను సచ్చిపోయిన్నని చెప్పినవట నువ్వు," అంది అక్క, గిన్నె బోర్లించి. "నేను గంత మాట అనలే."

అవ్వ గుమ్మంలో ఉంది. ఈ సంగతి ఆమెకు తెలియదు. బోరింగు దగ్గర జరిగింది మేమిద్దరం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆమె గుమ్మం పట్టుకుని యేసుదాసును చూసింది.

"ఏమన్నవు?" అంది అతన్ని.

గడియారం తిప్పుకున్నాడు. "అప్పుడు పరేషాన్ల ఏదో అన్న అత్తా... గది గాదు. దుర్గకు ఆడపిల్ల పుట్టింది మల్ల. సాయవ్వ వచ్చి ఉంటనన్నా నేను వద్దన. ఇద్దరు ఉండొచ్చు. ఆడ జాగ ఉన్నది."

అవ్వ బయటికి వచ్చింది. అతని చేతిలోంచి చెంబు తీసుకుంది. అందులో సగం నీళ్ళు ఇంకా ఉన్నాయి.

"పదిన్నర బస్సు పోతది," అంది. "పో నాయనా."

అతను అక్క వైపు చూశాడు. అక్క ఇంకో గిన్నె అందుకుంది. బాపు అతనితో సందు చివరిదాకా నడిచి వచ్చాడు, మర్యాదకు. అవ్వ ఆ నీళ్ళు బీరపాదుకు పోసి, వచ్చి అక్క పక్కన కూర్చుని, తోమిన గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కొంచెంసేపటికి అవ్వ, "గా తపేలకు మసి పోలే," అంది. నాతో కాదు, అక్కతో.

ఫిబ్రవరిలో ఓట్లు. పోలింగు కైలాసం సారు బడిలోనే. నలుగురం కలిసి పోయాం. ఆడవాళ్ళ వరస గేటు దాటి రోడ్డుమీదికి వచ్చింది. ఎండ అప్పుడే ముదురుతోంది. రెండు గంటలు నిలబడ్డాం. లోపల బల్ల దగ్గర కూర్చున్నతను కాగితంలో వెతికి, "సాయవ్వ, తండ్రి బక్కయ్య," అని పైకి చదివాడు. ఏజెంట్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వేలికి సిరా పెట్టారు. అక్క కాగితం తీసుకుని తడక వెనక్కి పోయింది. మరీ ఎక్కువసేపేమీ పట్టలేదు. బయటికి వచ్చాక, ఎట్లా ఉందని అడిగాను.

"కాళ్ళు గుంజుతున్నయి," అంది.

ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, లోపలి గదిలో చాప వేసుకుని పడుకుంది. పగలు పడుకునే మనిషి కాదు. నేను ఏమైనా జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశాను. ఏమీ లేదు. నోరు కొంచెం తెరిచి, ఒక చేయి తల కింద పెట్టుకుని నిద్రపోతోంది.

మధ్యాహ్నం మిరప ఏరడానికి మనుషుల కోసం కాపు ఇంటి నుంచి సత్తవ్వ వచ్చింది. "సాయవ్వ లేదా?" అని వాకిట్లోంచి కేకేసింది. అవ్వ లేచి ఆమెకు ఎదురు పోయింది.

"పండుకున్నది. మెల్లగ మాట్లాడు," అంది. "నేనొస్త పా."

కొంగు నడుముకు చుట్టి, తలుపు దగ్గరగా వేసి, సత్తవ్వ వెంట నడిచింది. అక్క పొద్దు గూకేదాకా లేవలేదు.